కల్చర్‌లో ఎమ్మార్ఎస్ఏ వచ్చింది, సెగ్గడ్డలు తిరగబెడుతున్నాయి: ఏం చేయాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబుకు పదిహేనేళ్ళు, ఇంటర్ హాస్టల్లో ఉంటున్నాడు. నాలుగు నెలల్లో ఇది మూడో సెగ్గడ్డ, ఈసారి తొడ మీద. కిందటి నెల మీవారికి పిరుదు మీద ఒకటి లేచి దానంతటదే పగిలింది. ఇంట్లో అత్తగారికి షుగరు ఉంది. బాబు చీమును కల్చర్‌కు, అంటే ల్యాబులో క్రిమిని పెంచి చూసే పరీక్షకు పంపిస్తే ఎమ్మార్ఎస్ఏ అని వచ్చింది. రిపోర్టు ఇచ్చినతను "ఇది సూపర్‌బగ్ అండీ, మామూలు మందులకు లొంగదు" అన్నాడు. మీ డాక్టరు లినెజోలిడ్ అనే మాత్రలు పది రోజులు వాడమని రాశారు. మీరు అడిగినవి మూడు: ఇది నయమవుతుందా, ఆ మాత్రలు వాడాలా, బాబును మళ్ళీ హాస్టల్‌కు పంపొచ్చా.

నయమవుతుంది. ముందు ఈ మాట నమ్మండి, తర్వాత మిగతాది చదవండి. నేను జిల్లా కేంద్రంలో జనరల్ సర్జన్‌ని. ఇరవై నాలుగేళ్ళుగా ఇలాంటి గడ్డలు కోస్తున్నాను. ఎండాకాలంలోనైతే రోజుకు రెండు మూడు వస్తాయి. కల్చర్‌కు పంపినవాటిలో ఎమ్మార్ఎస్ఏ రావడం ఇప్పుడు వింత కాదు. దాదాపు అందరూ వారం పది రోజుల్లో తేరుకుని వాళ్ళ పనుల్లోకి వెళ్ళిపోయారు.

ఆ పేరు చూసి మీరు హడలిపోయారు కాబట్టి అదేమిటో చెబుతాను. ఎమ్మార్ఎస్ఏ అంటే స్టెఫైలోకాకస్ అనే క్రిమిలో ఒక మొండి రకం. ఆ స్టెఫైలోకాకస్, మేం పొట్టిగా స్టెఫ్ అంటాం, కొత్తగా పుట్టిన క్రిమి కాదు. 1880లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే స్కాట్లండ్ సర్జన్ గడ్డల్లోని చీమును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. ద్రాక్షగుత్తిలా ముద్దకట్టిన గుండ్రటి క్రిములు కనిపించాయి. గ్రీకులో ద్రాక్షగుత్తికి ఉన్న మాటతోనే ఆ పేరు పెట్టాడు. మన ఇళ్ళలో పది మందిని పరీక్షిస్తే ముగ్గురి ముక్కులో ఈ క్రిమి హాయిగా కాపురం చేస్తూ ఉంటుంది, వాళ్ళకేమీ కాదు. చర్మం గీసుకున్నచోట, వెంట్రుక కుదురు దెబ్బతిన్నచోట లోపలికి దూరితే గడ్డవుతుంది.

1940లలో పెన్సిలిన్ వచ్చినప్పుడు ఇది ఇట్టే చచ్చేది. ఆ దశాబ్దం ముగిసేలోపే ఆసుపత్రుల్లోని స్టెఫ్‌లు పెన్సిలిన్‌ను విరిచేయడం నేర్చాయి. దానికి విరుగుడుగా 1959లో మెథిసిలిన్ వచ్చింది. 1961కల్లా దానికీ లొంగని రకాన్ని బ్రిటన్‌లో గుర్తించారు. అదే ఎమ్మార్ఎస్ఏ, అంటే మెథిసిలిన్‌కు లొంగని స్టెఫ్. పెన్సిలిన్ జాతి మందులన్నీ క్రిమి గోడ కట్టుకునే ప్రోటీన్‌ను పట్టుకుని ఆ పని ఆపేస్తాయి. ఈ రకం క్రిమి అదే పని చేసే ఇంకో ప్రోటీన్‌ను తయారుచేసుకుంటుంది, దాన్ని ఈ మందులు పట్టుకోలేవు. అంటే పెన్సిలిన్లూ, ఒకటి రెండు కొత్తవి తప్ప సెఫలోస్పోరిన్లూ దీని మీద పనిచేయవు. ఆ పేరుకు అర్థం ఇంతే. వేరే దారిలో పనిచేసే మందులు ఇంకా చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని ముప్పై నలభై ఏళ్ళుగా మన మందుల షాపుల్లో దొరికే చవక మందులే.

ఒకప్పుడు ఇది ఆసుపత్రుల్లోనే ఉండేది. ఐసీయూలో, డయాలిసిస్‌లో, పెద్ద ఆపరేషన్లయినవాళ్ళలో కనిపించేది. 1990లలో కథ మారింది. 1997 నుంచి 1999 లోపు అమెరికాలోని మిన్నెసోటా, నార్త్ డకోటా రాష్ట్రాల్లో నలుగురు పిల్లలు దీంతో చనిపోయారు. వాళ్ళెవరికీ ఆసుపత్రులతో సంబంధం లేదు. క్రిమి ఊళ్ళోకి వచ్చేసిందని డాక్టర్లకు అప్పుడు గట్టిగా అర్థమైంది. 2003లో సెయింట్ లూయిస్ రామ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో 58 మంది ఆటగాళ్ళలో ఐదుగురికి గడ్డలు లేచాయి. కృత్రిమ గడ్డి మీద పడి చర్మం గీసుకుపోయిన చోటే లేచాయి. ఆరా తీస్తే తువ్వాళ్ళు ఒకరివి ఒకరు వాడుకుంటున్నారు, స్నానం చేయకుండానే అందరూ వాడే నీళ్ళ తొట్టిలో దిగుతున్నారు. ఇది చదివినప్పుడల్లా నాకు మన హాస్టళ్ళే గుర్తొస్తాయి. ఒక గదిలో ఎనిమిది మంది, దండెం మీద కలిసిపోయి వేలాడే తువ్వాళ్ళు, ఒకే సబ్బు, ఒకే రేజరు.

మన దేశంలో ఊళ్ళల్లో తిరిగే రకాల్లో ఒకదానికి బెంగాల్ బే క్లోన్ అని పేరు పెట్టారు. తెల్ల రక్తకణాలను పగలగొట్టే ఒక విషాన్ని ఈ ఊరి రకాలు చాలావరకు తయారుచేస్తాయి. అందుకే చీము అంతగా పడుతుంది, చుట్టూ అంత ఎర్రగా మంటెత్తుతుంది. అయితే ఆసుపత్రి రకాలతో పోలిస్తే మాత్రలకు తేలిగ్గా లొంగే గుణం వీటికి తరచూ ఉంటుంది.

ఇక అసలు వైద్యం. నా ఇరవై నాలుగేళ్ళ అనుభవం ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెబుతాను: చీము పట్టిన గడ్డకు మందు కత్తి. గడ్డ మధ్యలోకి రక్తం పోదు, రక్తం పోనిచోటికి మందూ పోదు. చీము గూడు మూసి ఉన్నంతకాలం మీరు ఎంత ఖరీదైన మాత్ర మింగినా అది బయటి గోడ దగ్గరే ఆగిపోతుంది. మీరు రాసిన దాంట్లో నాకు అన్నింటికన్నా బాధ కలిగించింది ఇదే: మొదటి రెండు గడ్డలకూ మాత్రలు, సూదిమందులే ఇచ్చారు, కోయలేదు. మూడోదానికి సూదితో కొంచెం చీము లాగి కల్చర్‌కు పంపారు. మిగతా చీము లోపలే ఉంది.

కోయడం అంటే మీరు భయపడతారని తెలుసు, కాబట్టి ఏం జరుగుతుందో చెబుతాను. కిందటి వేసవిలో మీవాడి వయసు అబ్బాయే వచ్చాడు. తొడ లోపలివైపు కోడిగుడ్డంత గడ్డ, కుంటుతూ వచ్చాడు, మూడు రోజులుగా నిద్ర లేదు. వేలితో నొక్కితే మధ్యలో మెత్తగా కదిలింది, అంటే పండింది. చీము ఉన్నచోట మత్తుమందు సరిగా పనిచేయదు, అందుకే గడ్డలోకి కాకుండా దాని చుట్టూ మంచి చర్మంలో నాలుగువైపులా ఎక్కించాను. అప్పుడు మెత్తగా ఉన్నచోట, చర్మం మడతల వెంట, చీము ధారాళంగా కారేంత గాటు పెట్టాను. చిక్కగా, పచ్చటి మీగడలా చీము వచ్చింది. స్టెఫ్ చీముకు పెద్దగా వాసన ఉండదు. ముక్కు పగిలే కంపు కొడితే వేరే క్రిములున్నాయని అనుమానిస్తాం. లోపల గదులు గదులుగా గోడలుంటాయి, ఆర్టరీ ఫోర్సెప్స్ పెట్టి వాటిని విడగొట్టి సెలైన్‌తో కడిగాను. ఆ పిల్లాడు టేబుల్ మీదే "నొప్పి పోయింది సార్" అన్నాడు. అరగంటలో వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకోకుండా నడిచి వెళ్ళాడు.

చిన్న గడ్డలకు లోపల గాజుగుడ్డ కుక్కాల్సిన పని లేదు. నా మొదటి ఏళ్ళలో నేనూ గట్టిగా కుక్కేవాణ్ణి, మర్నాడు దాన్ని లాగేటప్పుడు జనం కేకలు పెట్టేవాళ్ళు. అలా చేయమని నేర్పారు కాబట్టి చేశాను. ఆ బాధ వాళ్ళకు అనవసరంగా పెట్టానని ఇప్పటికీ మనసులో ఉంది. అయిదు సెంటీమీటర్లలోపు గడ్డకు గాటు మూసుకుపోకుండా సన్నటి వత్తి వదులుగా పెడితే చాలు. కొన్నిటికి అదీ అక్కర్లేదు.

గడ్డ ఇంకా గట్టిగా, ఎర్రగా ఉండి పండకపోతే కోయకూడదు. గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డతో పది పదిహేను నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు కాపడం పెట్టండి. కొన్ని దానంతటవే కరిగిపోతాయి, కొన్ని పండి దారికొస్తాయి. పిండొద్దు, పిన్నీసుతో పొడవొద్దు. పసుపూ సున్నం కలిపి పట్టీ వేసుకుని వచ్చేవాళ్ళను నెలకు ఒకరినైనా చూస్తాను. సున్నం చర్మాన్ని కాలుస్తుంది, తర్వాత గడ్డ ఎక్కడుందో, కాలిన పుండు ఎక్కడుందో తేల్చుకోవడం కష్టమవుతుంది. మామిడిపండ్లు తిని వేడి చేయడం వల్ల వచ్చిందనే మాట మీ అత్తగారు అన్నారని రాశారు. గడ్డ రావడానికీ మామిడికీ సంబంధం లేదు. ఎండాకాలంలో చెమటకు చర్మం నాని, ఒరుసుకుని క్రిమికి దారి దొరుకుతుంది. అదే కాలంలో మామిడి కూడా వస్తుంది, అంతే. ఆవిడకు షుగరు కాబట్టి మామిడి విషయంలో వేరే జాగ్రత్త ఉండాలి, అది ఇంకో సంగతి.

కోసిన తర్వాత మాత్రలు కావాలా? పూర్వం చిన్న గడ్డ అయితే అక్కర్లేదనే వాళ్ళం. 2017లో అమెరికాలో 786 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. అందరికీ అయిదు సెంటీమీటర్లలోపు గడ్డలే, అందరికీ కోశారు. తర్వాత కొందరికి క్లిండామైసిన్, కొందరికి కోట్రిమాక్సజోల్, కొందరికి ఉత్తుత్తి మాత్ర పది రోజులు ఇచ్చారు. క్లిండామైసిన్ వాడినవాళ్ళలో 83 శాతం, కోట్రిమాక్సజోల్ వాడినవాళ్ళలో దాదాపు 82 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ళలో దాదాపు 69 శాతం నయమయ్యారు. ఈ మూడో అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఒట్టి కత్తితోనే పదిమందిలో దాదాపు ఏడుగురు బాగయ్యారు. మందు ఆ పైన ఇంకొకరినో ఇద్దరినో బాగుచేసింది. కాబట్టి ఇస్తే మంచిదే, నేనూ ఇస్తాను. ముఖ్యంగా మీ బాబులా గడ్డలు తిరగబెడుతున్నవాళ్ళకు, గడ్డ చుట్టూ ఎర్రదనం పాకినవాళ్ళకు, షుగరున్నవాళ్ళకు, జ్వరమున్నవాళ్ళకు తప్పకుండా ఇస్తాను. ఆ పనికి పాత మాత్రలు సరిపోతాయి.

మీరు పంపిన రిపోర్టు ఇప్పుడు మీ చేతిలో పెట్టుకోండి. ఆర్ అంటే క్రిమి ఆ మందుకు లొంగదని, ఎస్ అంటే లొంగుతుందని. అందులో సెఫాక్సిటిన్ ఎదురుగా ఆర్ అని ఉంది. ఎమ్మార్ఎస్ఏ అని తేల్చింది ఆ ఒక్క గీతే. మెథిసిలిన్ ఇప్పుడు వైద్యంలో వాడరు, దాని బదులు ల్యాబుల్లో సెఫాక్సిటిన్ బిళ్ళ పెట్టి చూస్తారు. అది ఆర్ అయితే అమాక్సిసిలిన్ క్లావులనేట్, సెఫలెక్సిన్, సెఫిక్సైమ్, సెఫ్ట్రియాక్సోన్ సూది, అన్నీ పనికిరానట్టే. రిపోర్టులో వాటి ఎదురుగా పొరపాటున ఎస్ అని ఉన్నా నమ్మొద్దు. సిప్రోఫ్లాక్సాసిన్ కూడా ఆర్ వచ్చింది, మన దగ్గర స్టెఫ్‌కు సిప్రో చాలాచోట్ల ఎప్పుడో చేతులెత్తేసింది. ఎరిత్రోమైసిన్ ఆర్. ఇక కింద చూడండి: క్లిండామైసిన్ ఎస్, కోట్రిమాక్సజోల్ ఎస్, డాక్సీసైక్లిన్ ఎస్, లినెజోలిడ్ ఎస్, వాంకోమైసిన్ ఎస్. ఐదు మందులు మీ చేతిలో ఉన్నాయి. "మామూలు మందులకు లొంగదు" అన్న మాట అబద్ధమని మీ రిపోర్టే చెబుతోంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఎరిత్రోమైసిన్ ఆర్, క్లిండామైసిన్ ఎస్ అని కలిసి వచ్చినప్పుడు ఆ ఎస్‌ను వెంటనే నమ్మకూడదు. కొన్ని క్రిములు పైకి క్లిండామైసిన్‌కు లొంగినట్టే కనిపించి, వాడటం మొదలుపెట్టాక ఎదురు తిరుగుతాయి. దీన్ని పట్టుకోవడానికి ల్యాబులో డి టెస్ట్ చేస్తారు. పళ్ళెంలో రెండు మందుల బిళ్ళలను దగ్గరదగ్గరగా పెడతారు. క్లిండామైసిన్ బిళ్ళ చుట్టూ క్రిములు పెరగని వలయం గుండ్రంగా వస్తే సరే. ఎరిత్రోమైసిన్ వైపు ఆ వలయం చదునుగా నొక్కుకుపోయి ఇంగ్లీషు డి అక్షరంలా కనిపిస్తే ఆ మందు వాడకూడదు. మీ రిపోర్టులో డి టెస్ట్ మాట లేదు. ల్యాబుకు ఫోన్ చేసి అడగండి. కల్చర్ ఇంకా పారేయకపోతే చేసి చెబుతారు. చేయకపోతే క్లిండామైసిన్ వదిలేయండి, అది లేకపోయినా మీకు ఇబ్బంది లేదు.

ఎందుకంటే మీ బాబుకు నేనైతే కోట్రిమాక్సజోల్ గానీ డాక్సీసైక్లిన్ గానీ ఎంచుకునేవాణ్ణి. కోసిన తర్వాత వారం రోజులు, లేదా గాయం తీరు చూసి పది రోజులు. పెద్దవాళ్ళకు కోట్రిమాక్సజోల్ డీఎస్ మాత్ర పూటకొకటి చొప్పున రోజుకు రెండుసార్లు ఇస్తాం. డాక్సీ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. బాబు బరువును బట్టి డోసు మీ డాక్టరు రాయాలి. కోట్రిమాక్సజోల్ సల్ఫా జాతి మందు, ఇంతకుముందు సల్ఫా మందుకు దద్దుర్లు వచ్చాయేమో గుర్తుచేసుకోండి. ఒక్కసారి వచ్చి ఉన్నా మళ్ళీ ముట్టుకోకూడదు. మాత్ర మొదలెట్టాక ఒంటి మీద ఎర్రటి మచ్చలు, నోట్లో పుండ్లు, కళ్ళు ఎర్రబడటం ఉంటే వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. మీ అత్తగారికి రేపెప్పుడైనా ఇదే మందు రాస్తే, ఆవిడ వాడే బీపీ మాత్రలేమిటో ముందు చెప్పండి. కొన్ని బీపీ మాత్రలతో కలిస్తే ఒంట్లో పొటాషియం పెరిగి గుండెకు ప్రమాదం. డాక్సీ ఎనిమిదేళ్ళలోపు పిల్లలకూ గర్భిణులకూ ఇవ్వం, మీవాడికి ఆ ఇబ్బంది లేదు. నిండా నీళ్ళు తాగి మింగాలి, మింగి వెంటనే పడుకోకూడదు, గొంతు గొట్టంలో పుండు పడుతుంది.

లినెజోలిడ్ తప్పు మందు కాదు, పనిచేస్తుంది. అయినా ఈ గడ్డకు అది వాడొద్దని నా గట్టి అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని చివరికి దాచిపెట్టుకోవాల్సిన మందుల జాబితాలో పెట్టింది. ఊపిరితిత్తుల్లో ఎమ్మార్ఎస్ఏ పట్టి వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి అది కావాలి. మందులకు లొంగని క్షయకు మన దేశం 2024లో ఆమోదించిన నాలుగు మందుల చికిత్సలో అది ఒకటి. ఇంత చవకగా దొరుకుతోందని ప్రతి సెగ్గడ్డకూ వాడేస్తే వాళ్ళకు మిగలదు. ఇంకో మాట: రెండు వారాలు దాటితే ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు, నెలలు వాడితే చూపు నరం దెబ్బతినొచ్చు, మానసిక వైద్యులు రాసే కొన్ని మాత్రలతో కలిస్తే ప్రమాదం. మీ డాక్టర్‌తో గొడవ పడొద్దు. రిపోర్టు ముందు పెట్టి, "సార్, కోట్రిమాక్సజోల్, డాక్సీ కూడా ఎస్ ఉన్నాయి కదా, వాటితో సరిపోతుందా" అని అడగండి. ఆయన బాబును చూశారు, నేను చూడలేదు. జ్వరం ఎక్కువగా ఉండో ఇంకేదో చూసో రాసి ఉంటే కారణం చెబుతారు.

రిఫాంపిసిన్ ఒక్కటే రాస్తే మాత్రం ఒప్పుకోకండి. క్రిమి రోజుల్లోనే దానికి అలవాటు పడుతుంది. పైగా మన దేశంలో ఎవరి ఒంట్లో క్షయ దాగుందో తెలియదు, ఆ మందుకు క్షయ క్రిములు కూడా మొండికేస్తాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే సెఫిక్సైమ్ సంగతి కూడా చెప్పాలి. అది ఎమ్మార్ఎస్ఏ మీదే కాదు, మామూలు స్టెఫ్ మీద కూడా పనికొచ్చే మందు కాదు. గడ్డకు ఐదు రోజులు సెఫిక్సైమ్ వాడి తగ్గలేదని వచ్చేవాళ్ళు నా ఓపీలో ప్రతి వారం ఉంటారు. మాత్రల పట్టీ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే చీటీ లేకుండా కొనకూడదని అర్థం. ఆ గీత పెట్టింది మనలాంటివాళ్ళ కోసమే.

చీము లేకుండా కాలు ఎర్రగా వాచి, వేడిగా, నొప్పిగా పాకుతూ ఉంటే అది వేరే జబ్బు, సెల్యులైటిస్. దానికి ఎక్కువగా స్ట్రెప్టోకాకస్ కారణం, సెఫలెక్సిన్ లాంటి పాత మందే సరిగ్గా పనిచేస్తుంది. ఇంట్లో ఒకరికి ఎమ్మార్ఎస్ఏ వచ్చిందని అత్తగారి కాలు వాచినప్పుడు కూడా బాబు మాత్రలు ఇచ్చేయకండి.

ఇప్పుడు తిరగబెట్టడం సంగతి. మందు మార్చినకొద్దీ ఇది ఆగదు, ఇంట్లో అలవాట్లు మారాలి. క్రిమి ముక్కులో, చంకల్లో, గజ్జల్లో, తువ్వాలులో, దిండు గలేబులో ఉంటుంది. గడ్డ నయమైనా అక్కణ్ణుంచి మళ్ళీ వస్తుంది. సెయింట్ లూయిస్‌లో పిల్లల మీద ఒక పరిశోధన చేశారు, 2012లో వెలువడింది. కొందరు పిల్లలకు మాత్రమే క్రిమి తొలగించే చికిత్స ఇచ్చారు, మరికొందరికి ఇంట్లో అందరితో కలిపి ఇచ్చారు. పిల్లలకు మాత్రమే చేసిన ఇళ్ళలో ఏడాదిలో 72 శాతం మంది పిల్లలకు మళ్ళీ గడ్డలొచ్చాయి, ఇంటిల్లిపాదికీ చేసినచోట 52 శాతం మందికి. పూర్తిగా ఆగలేదు, మీకు అబద్ధం చెప్పను. కానీ ఆ తేడా తక్కువేమీ కాదు, ఖర్చు కొన్ని వందలు.

చేసేది ఇలా. బాబు గాయం మానుముఖం పట్టాక, అతను ఇంట్లో ఉండే అయిదు రోజులు చూసుకుని, ఇంట్లో నలుగురూ ఒకే రోజు మొదలుపెట్టండి. ముపిరోసిన్ 2 శాతం ఆయింట్‌మెంట్, ముక్కుకు వాడేది అని అడిగి తీసుకోండి. కందిగింజంత తీసి రెండు ముక్కుపుటాల్లోనూ లోపలివైపు రాసి, ముక్కు నొక్కి అద్దాలి, ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి. రోజూ స్నానంలో సబ్బు బదులు 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ ద్రావకం వాడండి. ఒళ్ళు తడుపుకుని మెడ నుంచి కిందికి రాసుకోవాలి. చంకలు, గజ్జలు, పిరుదుల మడతలు మరిచిపోవద్దు. రెండు నిమిషాలు ఉంచి కడుక్కోండి. కళ్ళలోకీ చెవుల్లోకీ పోనివ్వొద్దు. ఆ అయిదు రోజులూ రోజుకో ఉతికిన తువ్వాలు, మనిషికొకటి. దుప్పట్లు, గలేబులు, లోబట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎర్రటి ఎండలో ఆరేయండి. ఎండ మనకు దేవుడిచ్చిన వరం, వాడుకోండి. ఎవరి సబ్బు వాళ్ళది, ఎవరి రేజరు వాళ్ళది. తర్వాత ముపిరోసిన్ ఆపేయండి. నెలల తరబడి రాస్తే క్రిమి దానికీ లొంగకుండా పోతుంది. ముక్కు స్వాబ్‌లు తీయించి నెగటివ్ వచ్చిందా అని ల్యాబుల చుట్టూ తిరగొద్దు, ముక్కులో ఉండటం జబ్బు కాదు.

ఇంకో మూడు సంగతులు చూడకుండా నేను ఎవరినీ పంపను. ఒకటి షుగరు. కిందటేడు మిర్చి యార్డులో పనిచేసే హమాలీ ఒకాయన మెడ వెనక అరచేయంత గడ్డతో వచ్చాడు. జల్లెడలా పది చోట్ల నోళ్ళు తెరుచుకుని చీము కారుతోంది. పెద్దలు రాచకురుపు అనేది దీన్నే. నలభై రెండేళ్ళు, ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు. షుగరు 380 ఉంది. మందులు ఎన్ని మార్చినా షుగరు దిగేదాకా ఆ పుండు ఎండలేదు. మీవారికి కూడా పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి చూపించండి. బాబుకు కూడా చూడటం తప్పేమీ కాదు. రెండోది గజ్జి. హాస్టల్ పిల్లల్లో వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ రాత్రిళ్ళు దురద ఉందేమో అడగండి. సిగ్గుపడి చెప్పరు, మీరే అడగాలి. గోళ్ళతో గీరిన ప్రతి గీతా స్టెఫ్‌కు తలుపే. గజ్జి ఉంటే పర్మెథ్రిన్ క్రీము గదిలో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి, లేకపోతే తిరిగి తిరిగి అదే. మూడోది, ఎప్పుడూ చంకల్లో, గజ్జల్లోనే గడ్డలు లేచి, చర్మం కింద సొరంగాల్లా కలిసిపోయి, తాళ్ళలాంటి మచ్చలు మిగిల్చే జబ్బు ఒకటుంది, హైడ్రాడినైటిస్ అంటారు. అది క్రిమి జబ్బు కాదు, చర్మం జబ్బు. ఏళ్ళ తరబడి యాంటీబయాటిక్‌లు మింగి విసిగిపోయినవాళ్ళలో దీన్ని చాలామందిలో చూశాను. మీవాడికి తొడల మీద వస్తోంది కాబట్టి అది కాదనుకుంటున్నాను. డాక్టరు మాత్రం చంకలు, గజ్జలు ఒకసారి చూస్తే మంచిది.

అమెరికాలో మీ చెల్లెలు ఉన్నారని రాశారు, అందుకని ఒక మాట. అక్కడ చాలామంది ఈ గడ్డను సాలీడు కుట్టిందనుకుని వస్తారు, అది చాలావరకు ఎమ్మార్ఎస్ఏనే అయ్యుంటుంది. అక్కడ చదువుకునే పిల్లలకు, జిమ్‌కు వెళ్ళేవాళ్ళకు ఈ సంగతి తెలిసి ఉంటే మంచిది.

ఏ గడ్డనైనా ఇంట్లో చూసుకుందామని ఆగకూడని సందర్భాలు చెబుతాను. ముక్కు మీద, పై పెదవి మీద, రెండు కళ్ళ మధ్య గడ్డ లేస్తే తాకొద్దు, పిండొద్దు. అక్కడి సిరలు మెదడు వైపు వెళతాయి, అదే రోజు డాక్టరు చూడాలి. చలితో వణుకు జ్వరం, గంటగంటకూ పాకే ఎర్రదనం, పైకి కనిపించేదానికన్నా పదిరెట్లు నొప్పి, చర్మం నల్లబడటం, బొబ్బలెక్కడం ఉంటే రాత్రైనా ఆసుపత్రికి వెళ్ళండి. గడ్డ తగ్గాక వారం రెండు వారాల్లో జ్వరంతో పాటు మోకాలో తుంటో కదపలేకపోవడం, నడుం ఎముక నొప్పి, ఆయాసం వచ్చినా అంతే. రక్తంలోకి వెళ్ళిన స్టెఫ్ ఎముకల్లో, గుండె కవాటాల్లో కూర్చుంటుంది. దానికి వాంకోమైసిన్ లాంటి సూదిమందులు వారాల తరబడి ఆసుపత్రిలో ఎక్కించాలి. అత్తగారికి పాదం మీద చిన్న పుండు పడినా ఈ జాబితాలోదే అనుకోండి.

మీ చివరి ప్రశ్న, హాస్టల్. రేపే కోయించండి. గాయం నుంచి కారడం తగ్గి, పైన వేసిన కట్టు పొడిగా ఉండి, జ్వరం లేకపోతే నాలుగైదు రోజుల్లో పంపొచ్చు. క్లాసులో పక్కన కూర్చున్నందుకు, మాట్లాడినందుకు ఇది అంటదు. చీము, చీము తగిలిన చెయ్యి, తువ్వాలు, రేజరు, వీటి నుంచి అంటుతుంది. కట్టు ఎప్పుడూ కప్పి ఉండాలి. మార్చిన గుడ్డను కవర్లో వేసి మూతి కట్టి పారేయాలి, ముందూ వెనకా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గాయం పూర్తిగా మూసుకునేదాకా కబడ్డీ, క్రికెట్టు వద్దు. పేరు రాసిన రెండు తువ్వాళ్ళు, సొంత సబ్బుపెట్టె, సొంత దుప్పటి ఇచ్చి పంపండి. వార్డెన్‌తో మీరే మాట్లాడండి, కానీ సూపర్‌బగ్ అనే మాట ఎత్తకండి. ఆ మాట విని ఒక పిల్లాణ్ణి గదిలోంచి వేరు చేసి వరండాలో మంచం వేసిన హాస్టల్ నాకు తెలుసు. వాడు నెల రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చీము గడ్డకు చిన్న ఆపరేషన్ అయింది, రోజూ కట్టు మార్చుకోవాలి, ఆ గదిలో ఇంకెవరికైనా గడ్డలో దురదలో ఉంటే కూడా చూపించండి అని చెప్పండి, చాలు. కోసిన మూడో రోజు గాయం ఎలా ఉందో, ల్యాబువాళ్ళు డి టెస్ట్ గురించి ఏమన్నారో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.